ప్రశ్నలు - జవాబులు: చక్రముల మీది గృహము

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున నివసించు తెలుగు దంపతులనుండియు, వారిని చూడబోవు తల్లిదండ్రులనుండియు, గ్రేట్ ఓషన్ రోడ్డు యాత్రను గూర్చి మాకు వచ్చిన ఉత్తరములలో ఐదింటికి ఈ మాసమున జవాబులు వ్రాయుచున్నాము.

ప్రశ్న: మేమిద్దరము ఉద్యోగస్థులము. మార్చి నెలలో ఐదు దినములు సెలవు దొరికినది. క్యాంపర్‌వ్యాను అద్దెకు తీసుకొని సముద్రతీరపు రోడ్డంతయు చూచి, అటనుండి అడిలైడ్ వరకు పోయి మరలి రావలెనని నా భర్త సంకల్పము. తలచుకొన్నంతనే నాకు అలసట కలుగుచున్నది. ఏమి చేయుదుము?
— ఒక సోదరి, మెల్‌బోర్న్

జవాబు: సోదరీ, బయలుదేరక మునుపే మీ అలసట చెప్పుచున్న మాట న్యాయమైనది. అడిలైడ్‌ను ఈసారికి విడిచిపెట్టుడు. అది మీ ఊరికి 700 కిలోమీటర్లకు పైబడిన దూరము. టోర్కీ మొదలు అలన్స్‌ఫర్డ్ వరకు గల ఈ రోడ్డు పొడవు 243 కిలోమీటర్లే యైనను, ఒక ప్రక్క కొండచరియయు నొక ప్రక్క సముద్రమును నడుమ మలుపు వెనుక మలుపునుగా సాగు ఆ దారిని ఒక్క దినమున ముగించినవారికి, ఇంటికి వచ్చిన పిదప జ్ఞాపకమునకు వచ్చునది మలుపులే గాని సముద్రము కాదు.

మొదటి రాత్రి లోర్న్‌లోను, రెండవ మూడవ రాత్రులు ఓట్వే అడవులకు చేరువగా అపోలో బేలోను, నాలుగవ రాత్రి పోర్ట్ క్యాంప్‌బెల్‌లోను గడపి, ఐదవనాడు కోలాక్ మీదుగా లోపలి రహదారిని ఇల్లు చేరుడు. టోర్కీనుండి పడమటికి పోవుటయే మేలు. మన దేశమునందువలెనే అచ్చటను బండ్లు ఎడమప్రక్కన నడచును గావున, సముద్రము మీ చేరువనే యుండును. ఒడ్డున ఆగవలసినచోట ఎదురు బండ్లను దాటి పోవలసిన పని యుండదు. మార్చి రెండవ సోమవారము ఆ రాష్ట్రమున కార్మిక దినోత్సవపు సెలవు గనుక, ఆ వారాంతమున విడిదులు దొరకుట కష్టము. ముందుగా స్థలము నిశ్చయించుకొనుడు.

మీ భర్తగారితో మరియొక మాట చెప్పుడు. మొదటి ప్రపంచ యుద్ధమునుండి మరలివచ్చిన సుమారు 3,000 మంది సైనికులు, 1919 మొదలు 1932 వరకు, గడ్డపారలతోను పారలతోను ఆ కొండచరియలను తొలిచి, తమతో మరలిరాని సహచరుల స్మృత్యర్థము నిర్మించిన దారి అది. ఈస్టర్న్ వ్యూ వద్ద రోడ్డుపై స్మారక తోరణము నిలిచియున్నది గాని, నిజమునకు రోడ్డంతయు స్మారకమే. పదమూడేండ్ల శ్రమతో పరచిన దారిని పదమూడు గంటలలో దాటిపోవుట ఎట్టి మర్యాద?

ప్రశ్న: బండి అంతదూరమును నేనే నడుపుదునని చెప్పితిని. నా భార్యకు లైసెన్సు కలదు. కాని ఇంత పెద్ద బండి ఎన్నడును నడిపినది కాదు. ప్రక్కన కూర్చుండి "మెల్లగా, మెల్లగా" అని హెచ్చరించుచుండును. క్రిందటి ప్రయాణమున దానివలన కలహము వచ్చినది.
— ఒక సోదరుడు, జీలాంగ్

జవాబు: సోదరా, ఆ రోడ్డున బండి నడుపువాడు సముద్రమును చూడలేడు. అతని చూపు మలుపు మీదను, ఎదుటి బండి మీదను ఉండవలయును; ఉండనిచో ఇరువురికిని అపాయము. అంతదూరమును నేనే నడుపుదుననుట ప్రేమతో పలికిన మాటయే యైనను, అందు చూచుటకు ఒకరు, శ్రమించుటకు ఒకరు అను విభాగము కలదు. ఆ విభాగమునుండియే సాయంకాలపు విసుగును, విసుగునుండి కలహమును పుట్టుచున్నవి. అద్దె పత్రమున ఇరువురి పేర్లును డ్రైవర్లుగా వ్రాయింపుడు. బయలుదేరుటకు ముందు ఖాళీ మైదానమున ఆమెచేత బండిని త్రిప్పించి, వెనుకకు నడిపించి, అద్దములలో చూచుట అలవాటు చేయింపుడు. గంటకొకసారి చేయి మార్చుకొనుడు. స్టీరింగు పట్టి చూచినవారి హెచ్చరికలో భయము తగ్గి, సాయము పెరుగును.

బండి యెత్తును కాగితముపై వ్రాసి కన్నుల యెదుట అంటించుకొనుడు. వంగిన కొమ్మలు, పొట్టి కప్పులు గల చోట్ల అది మిమ్ము కాపాడును. వెనుక బండ్లు బారు తీరినచో, ప్రక్కకు తొలగుటకై ఏర్పరచిన చోట ఆగి దారి యిండు. ప్రొద్దు గ్రుంకిన తరువాత బండి నడుపవలదు. కంగారూలు, వాలబీలు రోడ్డు మీదికి వచ్చు వేళ యదియే. జంతువు అడ్డు వచ్చినపుడు స్టీరింగును ఒక్కసారిగా త్రిప్పక, తిన్నగా బ్రేకు వేయుడు.

ప్రశ్న: వ్యానులో మన వంట సాధ్యమగునా? అంత ఇరుకుచోట ఇద్దరము నాలుగు దినములు ఎట్లు గడుపుదుము?
— నూతన దంపతులు, వెరిబీ

జవాబు: వంట సాధ్యమే, కాని తిరగమోత పెట్టవలెనన్నచో బండిలో వలదు. మిరపకాయ ఘాటు పరుపునకును దుప్పట్లకును పట్టి రాత్రియంతయు వదలదు. పగటి విడిదులలో ఆరుబయట వండుకొనుడు. అయితే తీవ్రమైన ఎండలు, గాడ్పులు గల దినములలో అగ్నినిషేధము ప్రకటింపబడును. ఆనాడు బయట నిప్పు రగిల్చుట నేరము. అట్టి దినమునకై మన పెద్దలు రైలు ప్రయాణములకు కట్టుకొనిపోయిన పులిహోరయు, అటుకులును ఉండనే యున్నవి.

బండి కట్టుబాటును తెలిసికొనుడు. సాధారణముగా అందు రెండు బ్యాటరీలుండును: ఒకటి ఇంజను నడుపుటకు, రెండవది దీపములకును ఫ్రిజ్జునకును. రెండవదాని శక్తి పరిమితము. రెండు మూడు రాత్రులకొకసారి కరెంటు సౌకర్యము గల విడిదిలో దిగి నింపుకొనవలయును. అన్నిటికంటె ముఖ్యమైన మాట: వెచ్చదనమునకై గ్యాసు పొయ్యి వెలిగించి నిద్రింపకుడు. మూసిన బండిలో కార్బన్ మోనాక్సైడ్ చేరినచో దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. చలి వేసిన మరియొక దుప్పటి కప్పుకొనుడు. పైకప్పు కిటికీని వ్రేలెడు తెరచియుంచుడు. ఇరువురి ఊపిరి తేమ గోడలకు పట్టకుండుటకును అదే ఉపాయము.

ఇరుకును గూర్చి భయపడకుడు. ఒకరు పడక మడచుచున్నపుడు మరియొకరు బయట నీరు నింపుట, ఒకరు వండినచో మరియొకరు పాత్రలు కడుగుట అను నియమమును మొదటి ఉదయముననే చేసికొనుడు. పెద్ద యింటిలో చేయని పని కనబడకుండ దాగును. చిన్న యింటిలో దాగదు. ఆ సంగతిని వివాహమైన తొలియేటనే తెలిసికొనుట మీ అదృష్టము.

ప్రశ్న: సముద్రపుటొడ్డున నచ్చినచోట బండి నిలిపి ఊరక నిద్రింపవచ్చునని మిత్రులు చెప్పుచున్నారు. నిజమేనా? అడవిలో చూడదగినవి ఏవి?
— ఒక పాఠకుడు, టార్నీట్

జవాబు: నిజము కాదు. దృశ్యస్థలములయందును, బండ్లు నిలుపు మైదానములయందును రాత్రి మకాము సాధారణముగా నిషిద్ధము, జరిమానా వేయుదురు. ప్రభుత్వపు విడిదులు జొహానా బీచి వద్దను, ఎయిర్ నది వద్దను కలవు. ముందుగా స్థలము కోరుకొనుడు. మట్టిదారులలో నడుపుట మీ అద్దె పత్రమునకు సమ్మతమో కాదో చదివి చూచుకొనుడు. వాడిన నీటిని, మరుగుతొట్టిని నిర్ణీత స్థలములలోనే ఖాళీ చేయుడు. అడవి మీదను ఏటి మీదను వదలుట మహాపరాధము.

ఓట్వే అడవిలో తొలుత మేట్స్ రెస్ట్ చూడుడు. నేల మీది నాచును వేళ్ళను త్రొక్కకుండ కొయ్యబాట వేసియున్నారు. మనిషి యెత్తును మించిన చెట్టుఫెర్నులు, వానిపైన మర్టిల్ బీచ్ వృక్షములు, నాచు పట్టిన కొమ్మలనుండి రాలు నీటిబొట్టు చప్పుడు — ఇవియే అచ్చటి సంగతులు. ఆ బీచ్ వృక్షజాతి దక్షిణ ఖండములన్నియు ఒక్కటిగా నున్న గోండ్వానా నాటి వంశమునకు చెందినది. ఆ మహాఖండమునకు పేరు మన గోండుల దేశమునుండి వచ్చినది. ఆదిలాబాదు అడవులలోని గోండులను ఎరిగిన తెలుగువానికి ఆ చెట్టు క్రింద నిలిచినపుడు పరదేశమున నున్నానను భావము కొంత సడలును. పుష్పించు వృక్షములలో లోకమున కెల్ల ఎత్తైన మౌంటెన్ యాష్ కూడ ఆ కొండలలో పెరుగును. కెనెట్ నది వద్ద యూకలిప్టస్ కొమ్మలలో కోవాలాలు నిద్రించుచుండును; చూచుట చాలును, తాకుట వలదు, తినిపించుట వలదు.

ప్రశ్న: మేము భీమునిపట్నము వాసులము; మాకు అరువదియైదు దాటినవి. మా అబ్బాయి వ్యానులో త్రిప్పెదనని పిలుచుచున్నాడు. సముద్రము చూచుటకు అంతదూరము పోవలెనా అని మా ఆవిడ సందేహము.
— ఒక పెద్దాయన

జవాబు: అయ్యా, తప్పక వెళ్ళుడు. మెట్టెక్కి పడుకొను పైపడక వలదని, క్రిందిపడక గల బండినే తీసికొమ్మని అబ్బాయితో చెప్పుడు. మందులను చేతిసంచిలో ఉంచుకొనుడు. ఆపద వచ్చినచో పిలువవలసిన ఫోను నంబరు 000. అడవిలో సిగ్నలు అన్నిచోట్ల అందదు గావున, అపోలో బే దాటుటకు ముందే ఇంధనము నింపుకొని, ఆ రాత్రి మకామును ఎవరికైనను తెలిపి సాగుడు. ట్వెల్వ్ అపోస్టల్స్ అను సున్నపురాతి స్తంభములను పైనుండి చూచుటకు చక్కని దారి కలదు. గిబ్సన్ స్టెప్స్ వద్ద 86 మెట్లు దిగవలసియుండును గావున మోకాళ్ళను అడిగి దిగుడు.

గట్టు అంచులకు పోవలదు. ఆ రాయిని సముద్రము నిత్యము కోయుచున్నది. 1990 జనవరిలో లండన్ బ్రిడ్జి అను రాతివంతెన కూలగా, ఆవలి కొసన చిక్కిన ఇరువురిని హెలికాప్టరుతో తీసికొని రావలసివచ్చినది. 2005 జూలైలో ట్వెల్వ్ అపోస్టల్స్ స్తంభములలో నొకటి కుప్పకూలినది. అచ్చటికి చేరువనే 1878 జూన్ 1 నాడు లాక్ ఆర్డ్ అను ఓడ మునుగగా, 54 మందిలో ఇరువురే మిగిలిరి.

మీరు పుట్టిపెరిగిన బంగాళాఖాతము చేపలనిచ్చు సముద్రము, తెల్లవారుజామున వల లాగు సముద్రము. ఇది వేరు. పోర్ట్ క్యాంప్‌బెల్ ఒడ్డున నిలిచి నేరుగా దక్షిణమునకు చూచినచో, అంటార్కిటికా వరకు నడుమ నేల యన్నది లేదు. సాయంసంధ్య వేళ చిన్న పెంగ్విన్లు ఆ అలలనుండి వెలువడి గట్టు క్రింది ఇసుకను దాటి గూళ్ళకు పోవును. ఆ వేళకు మీ అబ్బాయిని స్టీరింగు వద్దనుండి లేపి, మీ ఇరువురి నడుమ కూర్చుండబెట్టుకొనుడు. దారి పొడవునను మీకు సముద్రమును చూపించినవాడు అతడే. తాను మాత్రము రోడ్డునే చూచియుండును.