ప్రశ్నలు - జవాబులు: ఫోన్ చదివి వినిపించేలా రాద్దాం

ప్రశ్న: మా కాలనీ తెలుగువాళ్లం ఉగాది ఆహ్వానాన్ని రంగుల బొమ్మగా చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టాం. గ్రూపులో చూపు లేని అన్నయ్య ఒకరున్నారు. ‘ఫోటో ఉందని మాత్రమే చెబుతోందమ్మా నా ఫోను, వివరాలు చెప్పు’ అని అడిగారు. ఇకముందు ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కాపెల్ (టెక్సాస్)

జవాబు: చూపు లేనివారు స్క్రీన్ రీడర్ సాయంతో ఫోన్ వాడతారు. ఐఫోన్‌లో అది వాయిస్‌ఓవర్, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్. రెండూ తెలుగు చదువుతాయి. కానీ బొమ్మలో కలిసిపోయిన అక్షరాలను, అందులోనూ తెలుగును, అవి సరిగ్గా చదువుతాయని నమ్మలేం.

బొమ్మ మానక్కర్లేదు. దాని కిందే విషయం టైపు చేయండి: ‘ఉగాది వేడుక. శనివారం సాయంత్రం 5 గంటలకు, క్లబ్‌హౌస్‌లో. పచ్చడి, భోజనం ఉన్నాయి. బుధవారంలోగా పేర్లివ్వండి.’ దీన్ని తెలుగు లిపిలోనే రాయండి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే ఇంగ్లిష్ గొంతు మన మాటల్ని ఖూనీ చేస్తుంది. లింకుకు ముందు ‘ఇక్కడ నొక్కండి’ అని కాక ‘పేరు నమోదు ఫారం’ అని రాయండి. ఫేస్‌బుక్‌లో అయితే ‘ఆల్ట్ టెక్స్ట్’ దగ్గర బొమ్మలో ఏముందో రాయండి.

చూపు తక్కువున్నవారినీ మరవద్దు. లేత పసుపు మీద బంగారు రంగు అక్షరాలు వారికి కనబడవు. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలంటుంది డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ ప్రమాణం. తెలుపు మీద నలుపు ఎప్పుడూ క్షేమం.

పంపేముందు మీ ఫోన్‌లో వాయిస్‌ఓవర్ లేదా టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని వినండి. రోజు, చోటు తెలిశాయా? అప్పుడు పంపండి.

ప్రశ్న: గుంటూరు నుంచి వచ్చి నాన్నగారు మా దగ్గరే ఉంటున్నారు. నీటికాసులతో చూపు బాగా తగ్గింది. తెలుగు సంఘాల పాత సావనీర్ల పీడీఎఫ్‌లు ఫోన్‌లో వినిపించబోతే, అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు చదువుతోంది. ఫోన్ పాడైందా?
– ఒక పాఠకుడు, కాపెల్

జవాబు: ఫోన్ బాగానే ఉండి ఉంటుంది, చిక్కంతా ఫాంటుది. మన పత్రికలు, సావనీర్లు ఎన్నో ‘అను’ ఫాంట్లతో తయారయ్యాయి. వాటిలో ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ ఉన్న సంకేతాల మీదే తెలుగు రూపాలు కూర్చారు. కంటికి ‘అమ్మ’ కనిపిస్తున్నా, ఫోన్‌కు అందేది ఆ గుర్తులే. యూనికోడ్ అనే ప్రమాణంలో అయితే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉంది. 1991 నాటి మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దక్కింది.

ప్రస్తుతానికి పేజీని ఫోటోగా మార్చి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటర్‌లో గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మలోని తెలుగును అక్షరాలుగా మార్చి ఇస్తుంది. ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి, సరిచూసి నాన్నగారికి పంపండి. ఆయన ఇంగ్లిష్ పుస్తకాలూ వింటానంటే, టెక్సాస్ టాకింగ్ బుక్ ప్రోగ్రామ్‌కు దరఖాస్తు చేయించండి. ఆడియో పుస్తకాలు ఉచితంగా ఇస్తారు.

సావనీర్లు వేసే తెలుగు సంఘాలకు నా విన్నపం ఒక్కటే: వచ్చే సంచికను యూనికోడ్‌లో వేయండి. పీడీఎఫ్‌తో పాటు వ్యాసాలను మామూలు టెక్స్ట్‌గా కూడా అందివ్వండి. చందా కట్టిన ప్రతి సభ్యుడికీ దాన్ని చదువుకునే హక్కుంది.