సందేహాలు - సమాధానాలు: లద్దాఖ్‌లో ఊరివాళ్ల ఇంట బస

ప్రశ్న: లద్దాఖ్ చూడాలని మా దంపతులకు చాలాకాలంగా కోరిక. ప్యాకేజీ ధరలు వింటే గుండె జారిపోతోంది. పల్లెల్లో ఇళ్లలోనే బస ఇస్తారట కదా! చౌకగా వెళితే సగం చూసి వచ్చినట్టు కాదా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: కాదమ్మా. హోటల్లో దిగినవాళ్లకే సగం దక్కదని నా నమ్మకం. లేహ్‌కు దగ్గర్లో, హెమిస్ జాతీయ పార్కు లోపల రుంబక్ అని చిన్న ఊరుంది. బార్లీ చేలు, గొర్రెలు, మేకలే వాళ్ల ఆస్తి. ఆ కొండల్లో మంచు చిరుతలు తిరుగుతాయి. రాత్రివేళ దొడ్లో దూరితే ఒక్క చిరుతే ఎన్నో గొర్రెలను చంపేస్తుంది. లద్దాఖ్ పల్లెల్లో కడుపుమండిన కాపరులు చిరుతనూ చంపేవారు. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో స్నో లెపర్డ్ కన్సర్వెన్సీ సంస్థ ఇలాంటి ఊళ్లవాళ్లతో కలిసి హోమ్‌స్టేలు మొదలుపెట్టింది. ఇంట్లో ఒక గది అతిథికి ఇస్తారు, వాళ్లు తినేదే పెడతారు. డబ్బంతా ఒక్క ఇంటికే చేరకుండా అతిథులను వంతులవారీగా పంపుతారు. కాబట్టి ఫలానా ఇల్లే కావాలని పట్టుబట్టకండి. ఇప్పుడు చిరుత బతికుంటేనే ఊరికి రాబడి. మీరిచ్చే కాస్త సొమ్ము ఎంత పని చేస్తుందో చూడండి!

ఇక ఆ వంటిల్లు! ఇంటికంతటికీ అదే పెద్దగది. మధ్యలో పొయ్యి, గోడ పొడవునా తళతళలాడే ఇత్తడి, రాగి పాత్రలు. గోధుమపిండిని చిన్న బిళ్లలుగా వత్తి, కూరగాయలతో ఉడికించే ‘స్క్యూ’ రాత్రి భోజనం. పిండి వత్తేటప్పుడు మీరూ ఓ చెయ్యి వేయండి. భాష రాకపోయినా మాటలు కలుస్తాయి. వెన్న, ఉప్పు వేసిన టీ మొదటి గుక్కకు వింతగా ఉంటుంది, రెండో కప్పుకు అలవాటవుతుంది. ఊరంతా అనుకుని పెట్టుకున్న ధర దగ్గర మాత్రం దయచేసి బేరమాడకండి.

ప్రశ్న: అక్కడి మరుగుదొడ్ల గురించి విని మా ఇంట్లో వెనకాడుతున్నారు.
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: అవి నీళ్లు వాడని దొడ్లు. పైగదిలో నేలకు కన్నం ఉంటుంది. పని అయ్యాక పారతో మట్టి వేయాలి. అదే తర్వాత చేలకు ఎరువు. నీళ్లు పోస్తే పాడవుతుంది కనుక కాగితం తీసుకెళ్లండి. శుభ్రమైన పద్ధతే, వెనకాడకండి.

ప్రశ్న: తక్కువ ఖర్చులో, ఒంటికి ఇబ్బంది లేకుండా వెళ్లే దారి?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: వేసవిలో శ్రీనగర్ మీదుగా రోడ్డున వెళ్లండి. దాదాపు 1,600 మీటర్ల ఎత్తున మొదలై, రాత్రి కార్గిల్‌లో ఆగి, 3,500 మీటర్ల లేహ్‌కు మెల్లగా ఎక్కుతారు. మనాలి దారి 5,000 మీటర్లు దాటే కనుమల మీదుగా పోతుంది, కొత్తవాళ్లకు కష్టం. లేహ్‌లో కనీసం రెండు రోజులు విశ్రాంతి తీసుకున్నాకే పల్లెలకు కదలండి. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు డాక్టరును అడిగాకే టికెట్టు కొనండి.