“జై కిసాన్” వెనక ఆకలి

“జై జవాన్, జై కిసాన్” అని బడిలో గొంతు చించుకుని అరిచినవాళ్లమే మనమంతా. ఆ మాట ఏ అవసరంలోంచి పుట్టిందో మనలో ఎందరికి తెలుసు?

1965. ఒకపక్క పాకిస్తాన్‌తో యుద్ధం, మరోపక్క తిండిగింజల కరువు. అమెరికా గోధుమల ఓడకోసం దేశం ఎదురుచూసిన రోజులవి. సోమవారం రాత్రి భోజనం మానమని ప్రజల్ని కోరిన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారే అలహాబాద్ జిల్లా ఉరువాలో ఈ నినాదం ఇచ్చారు.

1998లో పోఖ్రాన్ అణుపరీక్షల తర్వాత వాజ్‌పేయిగారు “జై విజ్ఞాన్” చేర్చారు. సైన్సు విద్యార్థిగా నాకది ఆలస్యమనిపిస్తుంది. 1966లో మెక్సికోనుంచి 18,000 టన్నుల పొట్టిరకం గోధుమ విత్తనం దిగినప్పుడే విజ్ఞానం బస్తాల్లో వచ్చేసింది కదా!

ఇదంతా చెబితే మా నాన్న, “జై అన్నారు సరేరా, ధర సంగతేంటి?” అన్నాడు. వ్యవసాయ ధరల కమిషన్ కూడా ఆ 1965లోనే వచ్చిందన్నాను. నాన్న మాట్లాడకుండా ఈ ఏటి ధాన్యం కాటా చీటీ నా చేతిలో పెట్టాడు.