రిజిస్ట్రారు దగ్గర ఒక సంతకం

హనుమకొండ

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పసుపు రైతుల సంఘాన్ని రిజిస్టరు చేయించేది లేదని తేల్చేశావట. గోదాముకు సబ్సిడీ తీసుకుందామన్నందుకు నీ జోడీదారుతో మాటలు కూడా బందు పెట్టావట. మనుషులు ఇష్టపడి చేరి, వద్దనుకున్న రోజు వెళ్లిపోగలిగేదే సంఘమని, మిగతాదంతా బలవంతమని రాశావు. ఆ మాటతో నాకు పేచీ లేదు. నా ఉద్యోగమంతా సహకార సంఘాల మధ్యనే గడిచింది. బలవంతం ఎన్ని వేషాల్లో వస్తుందో నీకంటే కొంచెం ఎక్కువే చూశాను.

పేచీ ఎక్కడంటే, సర్కారు దగ్గర పేరు నమోదు చేయించుకోవడాన్నీ సర్కారు డబ్బు తీసుకోవడాన్నీ నువ్వు ఒకే గాటన కట్టేశావు. మొదటిదానికి భయపడాల్సిన పని లేదు. రెండోదానికి మాత్రం నువ్వు ఇప్పుడు పడుతున్నంత భయం చాలదు.

1964 సహకార సంఘాల చట్టం కింద నడిచిన సొసైటీలు ఎట్లుండేవో మీ అమ్మనడుగు, చెబుతుంది. ప్రభుత్వం వాటాధనం పెట్టేది. వాటా పెట్టినవాడు పెత్తనం చేయకుండా ఉంటాడా? పాలకవర్గాన్ని రద్దు చేయవచ్చు, ఎన్నికలు ఏళ్ల తరబడి వాయిదా వేయవచ్చు, పర్సన్ ఇన్‌చార్జి పేరుతో తమవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టవచ్చు. రైతు అప్పు కోసం మెంబరయ్యేవాడు, మాఫీ కోసం ఎదురుచూసేవాడు. ఈ సొసైటీ నాది అన్న రైతు నాకు తగిలింది చాలా తక్కువ.

అట్లాంటి చట్టం మొత్తం పోవాలని పట్టుబట్టి కూర్చుంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. వేల సొసైటీలు, వాటిలో పదవులు, ఎరువుల లెక్కలు, వాటి చుట్టూ ఓట్లు. ఏ పార్టీ వదులుకుంటుంది? హైదరాబాద్‌లోని కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ వాళ్లూ వాళ్లతో నడిచినవాళ్లూ ఏళ్లపాటు తిరిగి వేరే బేరం పెట్టారు. పాత చట్టాన్ని ఉండనివ్వండి, పక్కన కొత్తది ఒకటి పెట్టండి, ఇష్టమున్న సంఘం అందులోకి వస్తుంది అన్నారు. 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం అట్లా వచ్చింది. మనవాళ్లు మ్యాక్స్ అంటారే, అదే. దేశంలో ఆ తరహా చట్టం అదే మొదటిది. తర్వాత కర్ణాటక, బిహార్ లాంటి రాష్ట్రాలు తమ తమ పద్ధతిలో చేసుకున్నాయి.

ఆ బేరంలో వాళ్లు ఏం వదిలారో, ఏం పట్టుకున్నారో చూడు. నీలాంటి పట్టుదల మనిషికి మింగుడుపడనివి చాలానే వదిలారు. చట్టం రాసేది శాసనసభే, రిజిస్టరు ఉండేది సర్కారు దగ్గరే, ఏటా లెక్కలు పంపాల్సిందే, పాత చట్టం కింద ఉన్నవాళ్లు అక్కడే ఉంటారు. వీటన్నిటికీ తలూపారు. ఊపనిది ఒక్కటే. ప్రభుత్వ వాటాధనం ఈ సంఘాల్లోకి రాకూడదు. పాత సొసైటీ ఏదైనా ఇటు మారాలంటే ముందు ప్రభుత్వ వాటా తిరిగి కట్టేసి రావాలి. ఎన్నికలు సంఘమే జరుపుకుంటుంది, బైలాలు సభ్యులే రాసుకుంటారు. పాలకవర్గాన్ని దించే చెయ్యి ఎవరిది అన్న ఒక్క ప్రశ్న దగ్గర గట్టిగా నిలబడి, మిగతా చోట్ల వంగారు. దీన్ని రాజీ అని ఎవరైనా అంటే అననీ.

నమోదు వల్ల లాభమేమిటంటావా? 2006లో ప్రభుత్వం సవరణ తెచ్చి, మ్యాక్స్ కింద ఉన్న పాల సంఘాలను మళ్లీ 1964 చట్టం కిందకు లాగింది. సంఘాలు కోర్టుకెక్కాయి. హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది, 2011లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. ఏ షరతుల మీద సభ్యులు చేరారో వాటిని వాళ్లను అడగకుండా మార్చేయడం సంఘం పెట్టుకునే హక్కుకే విరుద్ధమన్నది ఆ తీర్పు సారం. నువ్వు ఉత్తరంలో మూడు పేజీలు రాసిన సంగతే ఇది, కాకపోతే అమలయ్యే భాషలో ఉంది. ఆ పాల సంఘాలన్నీ నిజంగా పాలు పోసే రైతుల చేతుల్లోనే ఉన్నాయని నేననను. సర్కారు పెత్తనం పోయినచోట పెద్దమనుషుల పెత్తనం దిగబడటం కొత్తేం కాదు. కానీ రిజిస్ట్రేషన్ నంబరు, రాసుకున్న బైలాలు లేని సంఘమైతే ఆ కోర్టు మెట్లెక్కి ఏం చూపించేది?

వంగకూడని చోట వంగితే ఏమవుతుందో కూడా చెప్పాలి. నువ్వు వినోబాను చదువుతున్నావు కదా. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు ఆయన్ను ఎనభై ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలిస్తానన్నారు. అక్కడ మొదలైన భూదానం గ్రామదానమైంది. అంటే భూమి మీద యాజమాన్యం ఊరిదే అని ఊరు ఊరంతా ఒప్పుకోవడం. అది అనుకున్నంత వేగంగా జరగలేదు. అప్పుడు 1965లో సులభ గ్రామదానం తెచ్చారు. హక్కు గ్రామసభ పేరిట రాసినా, ఇరవయ్యో వంతు భూమి లేనివాళ్లకిచ్చి మిగతాది ఎవరికి వాళ్లు దున్నుకోవచ్చు. అంతవరకూ నాకు అభ్యంతరం లేదు. మనిషి ఎంతవరకు వస్తాడో అంతవరకే అడగడంలో తప్పేముంది? తప్పు ఆ తర్వాత జరిగింది. తుఫాను ఉద్యమం పేరుతో బిహార్‌లో సంతకాల వేట మొదలైంది, 1969లో రాష్ట్రమంతా దానమైందని ప్రకటించారు. మరుసటి ఏడు జయప్రకాశ్ నారాయణ్ ముజఫర్‌పూర్ దగ్గర ముసహరి బ్లాకులో మకాం పెట్టి చూస్తే, కాగితం మీద దానమైన ఊళ్లలో పంపకమయ్యే భూమి కోసం ఇంటింటికీ మళ్లీ తిరగాల్సి వచ్చింది. షరతు సడలించడం లౌక్యం. ఒప్పుదల లేనిచోట సంతకంతో సరిపెట్టుకున్నాక స్వచ్ఛందం ఇంకెక్కడిది?

మన దగ్గరా అట్లాంటిది జరిగింది. 2000 తర్వాత మండల మహిళా సమాఖ్యలను ఈ మ్యాక్స్ చట్టం కిందే నమోదు చేశారు. చట్టం స్వేచ్ఛగా ఉండమంటుంది, మీటింగు తేదీ మాత్రం సర్కారు ఆఫీసు నుంచి వస్తుంది. అట్లని ఆ మహిళలు సంపాదించుకున్నది చిన్నదనను, ఎంతో ఉంది. డబ్బూ మనుషులూ పైనుంచి దిగినచోట చట్టం ఒక్కటే కాపాడలేదని చెబుతున్నాను.

ఇక నీ గోదాము. సబ్సిడీ అనగానే మండిపడకు, ఆ ఉత్తర్వు కాగితం తెప్పించు. భవనం ఎవరి పేరిట ఉంటుంది, ఎన్నేళ్లు దాన్ని వేరే పనికి వాడకూడదు, అధికారి ఎవరైనా కమిటీలో కూర్చుంటాడా, సగంలో ఆపేస్తే డబ్బు వెనక్కి కట్టాలా? ఇవి చదవకుండా నువ్వు వద్దన్నావు, చదవకుండానే నీ జోడీదారు కావాలన్నాడు. కమిటీలో ఒక్క కుర్చీ అడిగినా నువ్వన్నదే నా మాట కూడా. కుర్చీ అడగకపోతే, కట్టుబడి ఖర్చులో కనీసం సగానికి మీ సొంత పొదుపు ఉన్నప్పుడు తీసుకోవచ్చని నా అభిప్రాయం. పూర్తిగా వాళ్ల డబ్బుతో లేచిన గోదాముకు తాళం వేసుకోవాలని మీలో ఎవరికీ అనిపించదు. ములుకనూరులో మహిళలు సొంత పాల డెయిరీని మ్యాక్స్ సంఘంగానే నడుపుకుంటున్నారు. ఒకరోజు వెళ్లి వాళ్ల మహాజన సభ ఎట్లా జరుగుతుందో కూర్చుని చూడు. నీ జోడీదారును వెంట తీసుకెళ్లు.

కొంచెం కటువుగా ఉంటుంది గానీ ఇంకొకటి చెప్పాలి. రిజిస్ట్రేషన్ వద్దని ఎవరు తీర్మానించారు? ఉత్తరమంతా వెతికాను, సభ్యుల మాట ఎక్కడా లేదు. నువ్వు వద్దన్నావు, అంతే. పసుపు ఉడకబెట్టి, ఎండబోసి, ధర కోసం మార్కెట్ యార్డులో రాత్రి పడుకునే మనిషికి నీ సిద్ధాంతం మీద ఒక అభిప్రాయం ఉండదా? అడగకుండా మంచి చేసేవాణ్ణి మనం ఇన్నాళ్లూ రిజిస్ట్రార్ ఆఫీసులో చూశాం. సంఘంలో కూడా చూడాలా?

దసరాలోపు సభ పెట్టు. ఇద్దరూ చెరో పక్షం చెప్పండి, చెరో పావుగంట, అంతకు మించొద్దు. రిజిస్ట్రేషన్‌కు సభ ఒప్పుకుంటే బైలాల ముసాయిదా నాకు పంపు, చూసిపెడతాను. సభ్యుడు వెళ్లిపోతానంటే అతని పొదుపు ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో అందులో తేదీలతో సహా ఉండాలి, చాలామంది మరిచిపోయేది అదే. ఎవరి దగ్గరైనా వాటాధనం తీసుకోవాలంటే మహాజన సభ ఒప్పుకోవాలని ఒక నిబంధన పెట్టండి. సభ ఒప్పుకోకపోతే నువ్వు గెలిచినట్టే. అప్పుడూ నాకు రాయి, రిజిస్ట్రేషన్ లేకుండా బ్యాంకు ఖాతా ఎవరి పేరిట పెడతారో తెలుసుకోవాలని ఉంది.

అక్కను అడిగానని చెప్పు. మోకాలి నొప్పికి వాడుతున్న మందు మానొద్దను.

ఇట్లు,
నీ మామయ్య