దీవికి వెళ్తున్న మేనకోడలికి



మాల్దీవుల్లో నీకు లెక్కల టీచరు ఉద్యోగం వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచీ మన ఇంట్లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మీ అమ్మ పచ్చళ్ళ జాబితా చదివింది. మా తమ్ముడు, అంటే మీ నాన్న, జీతాన్ని రూపాయల్లోకి మార్చి మూడేళ్ళ లెక్క వేసేశాడు. నువ్వు మాత్రం ఒక్కటే అడిగావు, "నేను అక్కడ ఉండగలనా అత్తా" అని. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ ఫొటోలు చూడటం ఆపెయ్. నీళ్ళమీద గుడిసెలూ, ఊయల మంచాలూ రిసార్టు దీవులవి. నువ్వు వాటిలో అడుగు పెట్టకపోవచ్చు కూడా. ఆ దేశంలో దాదాపు 1,190 దీవులుంటే ఊళ్ళున్నవి రెండు వందల లోపే. నీకు పడేది అలాంటి ఊరే. ఒక మసీదు, బడి, హెల్త్ సెంటరు, డీజిలు పవర్‌హౌసు, పడవల రేవు, నాలుగు కొట్లు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి చీర నలగకుండా నడిచి రావచ్చు. వీధికుక్కలంటే నీకున్న భయం తెలుసు. ఆ దేశంలోకి కుక్కల్నే రానివ్వరు, ఆ బెంగ వద్దు.

ఎండ గురించి అందరూ భయపెడతారు. ఒంగోలు మే నెల చూసినదానివి, నీకు అదొక లెక్కా? ఏడాది పొడుగునా 25 నుంచి 31 డిగ్రీల మధ్యే ఉంటుంది. చెమట మాత్రం ఆరదు. నూలు బట్టలు, చేతులు కప్పే కుర్తాలు తీసుకెళ్ళు. గొడుగు మర్చిపోకు. మే నుంచి నవంబరు దాకా హుళంగు, అంటే మన నైరుతి. అప్పుడు వానా గాలీ ఎక్కువ, పడవలు ఎగిరెగిరి పడతాయి. జనవరి నుంచి మార్చి దాకా ఇరువై, అంటే మన ఈశాన్యం. ఆ రోజుల్లో సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంటుంది. పడవ ఎక్కే ముందు అవోమిన్ మాత్ర వేసుకోవడం నామోషీ కాదు. ఇక ఈత. అక్కడి పిల్లలు నడక, ఈత ఒకేసారి నేర్చుకున్నట్టుంటారు. చుట్టూ నీళ్ళున్న చోట ఉండబోతున్నావు. వెళ్ళే లోపల ఇక్కడ మున్సిపల్ పూల్‌లో నేర్చుకో, పెద్దమ్మాయివని సిగ్గుపడకు.

సునామీ సంగతి మీ అమ్మ నన్ను రెండుసార్లు అడిగింది. నేల సగటున మీటరున్నర ఎత్తుకు మించదు, కాబట్టి భయం అర్థంలేనిదేం కాదు. 2004 డిసెంబరు 26న ఎనభై మందికి పైగా పోయారు, కొన్ని దీవులు శాశ్వతంగా ఖాళీ అయ్యాయి. ఆ కష్టంలోంచే ఆ ఊళ్ళ వాళ్ళు లేచి నిలబడ్డారు. హెచ్చరిక వస్తే ఎక్కడికి చేరాలో వెళ్ళిన మొదటి వారంలోనే అడిగి తెలుసుకో. అంతకు మించి అమ్మకు చెప్పాల్సింది లేదు.

అసలు కష్టం వేరే ఉంది. ఊళ్ళో నువ్వు ఎవరికీ తెలియకుండా ఉండే వీలు లేదు. నీ గదిలో లైటు ఎప్పుడు ఆర్పావో, కొట్లో ఏ సబ్బు కొన్నావో, జ్వరమొస్తే నీకంటే ముందు నీ తరగతి పిల్లల అమ్మలకు తెలుస్తుంది. మొదట ఒళ్ళు మండుతుంది. తర్వాత అదే జ్వరానికి ఎవరో గిన్నె నిండా గంజి తెచ్చి గుమ్మంలో పెడతారు. ఒకటి కావాలంటే రెండోదీ వస్తుంది. ఆ ఊరి కళ్ళ నుంచి పారిపోవాలని మన దేశం వాళ్ళు చాలామంది క్వార్టర్సు తలుపులేసుకుని, మలయాళీలు మలయాళీలతో, తమిళులు తమిళులతో, తెలుగువాళ్ళు తెలుగువాళ్ళతో ఫోన్లో కాలం గడిపేస్తారు. కాంట్రాక్టు ముగిసే రోజు కోసం రైలు ప్లాట్‌ఫారం మీద పెట్టె మీద కూర్చున్నవాళ్ళలా బతికేస్తారు. అలా ఉన్న ఏ ఒక్కరూ బాగా పాఠం చెప్పడం నేను చూడలేదు.

సాయంత్రం పూట గదిలో ఉండకు. ఆరు దాటితే చీకటి పడుతుంది, దిగులు కూడా సరిగ్గా అప్పుడే పడుతుంది. రేవు దగ్గర తాడుతో అల్లిన జోలీ కుర్చీల్లో ఆడవాళ్ళు చేరి కబుర్లు చెప్పుకుంటారు. వెళ్ళి కూర్చో. భాష రాకపోయినా సరే, హిందీ సినిమాల పుణ్యమా అని చాలామందికి హిందీ అర్థమవుతుంది. ఇంకోవైపు బాషీ ఆడుతుంటారు. టెన్నిస్ బ్యాటుతో, వలకు వీపు పెట్టి నిలబడి బంతిని వెనక్కి కొడతారు. అవతలి జట్టు చేతులతో పట్టుకోవాలి. ఆడవాళ్ళ ఆట అది. నువ్వు కబడ్డీ ఆడినదానివి, రమ్మంటే సరేనను. మొదటిరోజు ఓడిపోతే ఊరంతా నీ పేరు నేర్చుకుంటుంది.

పరాయి దేశం నుంచి అక్కడికి కొలువుకు వెళ్ళినవాళ్ళలో అందరికంటే పేరున్నవాడు ఇబ్న్ బతూతా. 1343లో మొరాకో నుంచి తిరుగుతూ తిరుగుతూ అక్కడ తేలాడు, ఖాజీ పదవి ఇచ్చారు. వచ్చీ రావడంతోనే ఊరిని చక్కదిద్దుతానని బయలుదేరాడు. శుక్రవారం నమాజుకు రానివాళ్ళను దండించాడు. దొంగ చెయ్యి నరికించే తీర్పు చెబితే సభలో ఉన్నవాళ్ళు కళ్ళు తిరిగి పడ్డారు. అక్కడి ఆడవాళ్ళు అప్పట్లో నడుముకే బట్ట కట్టేవారు, పైన కప్పుకోమని ఆజ్ఞలు వేశాడు, అది తన వల్ల కాలేదని తనే రాసుకున్నాడు. చివరికి వజీరుతో చెడి వెళ్ళిపోయాడు. ఎంత చదువుకున్నవాడో! మనకు బాగా తెలుసుననుకునే చోటే అక్కడి జనం మనల్ని వదిలేస్తారు. స్టాఫ్ రూములో నీకు తప్పనిపించేవి ఎన్నో కనిపిస్తాయి. మొదటి ఆరు నెలలు "మా దగ్గర ఇలా చేస్తాం" అనే మాట నోట రానివ్వకు.

ఇక తరగతి. నీకు అసలు పని అది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. చదువు ఇంగ్లీషు మీడియమే. దివేహి భాష, ఇస్లాం మాత్రం అక్కడి టీచర్లు చెబుతారు. పదో తరగతి పిల్లలు రాసేది కేంబ్రిడ్జ్ పరీక్షలు. నువ్వు బీఈడీలో నేర్చింది, ఇక్కడ ప్రైవేటు కాలేజీలో చేసింది పక్కన పెట్టి, వెళ్ళేలోపు గత అయిదేళ్ళ ప్రశ్నపత్రాలు మార్కింగ్ స్కీములతో సహా చెయ్యి. జవాబు ఒక్కదానికే మార్కులు రావు, పద్ధతికి విడిగా ఉంటాయి. ఆ పద్ధతిని కాగితం మీద కనిపించేలా రాయించడమే నీ పని. మన పిల్లలకు ఇరవై లెక్కలు చేయిస్తే ఇరవై ఒకటోది వస్తుంది. అక్కడి పిల్లవాడు మూడోదాని దగ్గరే "ఇది ఎందుకు మిస్" అంటాడు. పొగరనుకోకు. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతాడు. జవాబు చెప్పగలిగితే నీవాడవుతాడు.

తరగతిలో పది పదిహేను మందే ఉండొచ్చు. మన అరవై మందికి అలవాటైన గొంతు అక్కడ కేకలా వినిపిస్తుంది, తగ్గించు. మన ఇంగ్లీషు వేగమూ తగ్గించు. పిల్లలు టీవీ చూసి గలగలా మాట్లాడతారు గానీ రాతలో తడబడతారు. అందువల్ల మాటల రూపంలో ఉన్న లెక్క ఇస్తే లెక్క రాక కాదు, వాక్యం అర్థంకాక ఆగిపోతారు. ముందు వాక్యం చదివించు. కొట్టడం సంగతి ఊహలో కూడా వద్దు. అందరి ముందు మార్కులు చదవడం, వాళ్ళతో వీళ్ళతో పోల్చడం కూడా మానుకో. ఆ దీవిలో ప్రతివాడూ ఇంకొకడికి మేనమామో, పినతండ్రి కొడుకో అవుతాడు. తరగతిలో ఒకణ్ణి చిన్నబుచ్చితే సాయంత్రానికి నాలుగిళ్ళు చిన్నబోతాయి. క్లాసులు కాక స్కౌట్లు, బ్యాండు, ఆటలు అంటూ సాయంత్రాలు పని పడుతుంది. గొణగకుండా ఒకటి తీసుకో. బోర్డు ముందు నోరు విప్పని పిల్లలు మైదానంలో విప్పుతారు.

లెక్కల టీచరువి కాబట్టి ఒక ముచ్చట చెబుతాను. దివేహి రాసే తానా లిపి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. దాని మొదటి 9 అక్షరాలు అరబ్బీ అంకెల నుంచి, తర్వాతి 9 అక్షరాలు వాళ్ళ పాత అంకెల నుంచి పుట్టాయి. అంకెలతో అక్షరాలు కట్టుకున్న వాళ్ళ పిల్లలకు లెక్కలు చెప్పబోతున్నావు. ఆ లిపి నేర్చుకో, రెండు వారాల పని. నీ పేరు నువ్వే తానాలో బోర్డు మీద రాసిన రోజు తరగతి ఎలా మారుతుందో చూద్దువు గాని.

తిండి గురించి మీ అమ్మ అనవసరంగా కంగారు పడుతోంది. చేప లేనిదే వాళ్ళకు పూట గడవదు. పొద్దున్నే ట్యూనా, కొబ్బరి, ఉల్లిపాయ, మిరపకాయ కలిపిన మస్ హునీ, దాంతో రోషీ అనే రొట్టె. మధ్యాహ్నం గరుధియా అనే చేపల చారు. చేపను గాలంతో ఒక్కొక్కటిగా పడతారు, తాజాగా ఉంటుంది. నువ్వు తింటావు కాబట్టి అదృష్టవంతురాలివి. కాయగూరలు మాత్రం మన దేశం నుంచో శ్రీలంక నుంచో పడవ మీద రావాలి. గాలివాన పట్టుకుందంటే టమాటా కనిపించదు. అయినా మునగాకు పెరళ్ళలోనే దొరుకుతుంది, కరివేపాకూ ఉంటుంది, గుమ్మడికాయ ఉంటుంది. వాళ్ళ గిథెయో మిరుస్ మిరపకాయ ముందు మన గుంటూరు కాయ తల దించుకోవాలి, మొదట సగమే వెయ్యి. కందిపప్పు, చింతపండు, ఇంగువ, చిన్న కుక్కరు తీసుకెళ్ళు, చాలు. పచ్చడి జాడీలు రెండుకు మించి మోయొద్దని అమ్మకు నేనే చెప్పాను. తాగడానికి వాన నీళ్ళు పట్టినవో, ఉప్పు తీసినవో దొరుకుతాయి, వాటినే తాగు. బావి నీళ్ళు వద్దు. మలేరియా ఆ దేశంలో లేదు, 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థే ధ్రువపత్రం ఇచ్చింది. డెంగ్యూ మాత్రం ఉంది. నీ గుమ్మం ముందు డబ్బాలో నీళ్ళు నిలవనివ్వకు.

దేవుడి సంగతి. అక్కడి పౌరులంతా ముస్లిములే, పౌరసత్వానికే అది షరతు. బయట ఇంకో మతం పూజలకు వీలు లేదు. విగ్రహాలు కస్టమ్స్‌లో ఆపేస్తారు, అమ్మ ఇచ్చే చిన్న వెంకటేశ్వరస్వామిని కూడా ఇంట్లోనే ఉంచు. ఫోన్లో ఉన్న బొమ్మకు దణ్ణం పెట్టుకో, ఎవరూ వద్దనరు. మద్యం, పంది మాంసం మాట ఎలాగూ నీకు లేదు. నమాజు వేళల్లో కొట్లు కాసేపు మూస్తారు. రంజాన్ నెలలో పగలు బయట తినకు, తాగకు. ఆ నెలలో రాత్రుళ్ళు ఊరు మేలుకుంటుంది. పిలిచిన ఇంటికల్లా ఇఫ్తారుకు వెళ్ళు. సెలవు శుక్ర, శనివారాలు. ఆదివారం బడికి వెళ్ళాలి, సంక్రాంతికీ వెళ్ళాలి. మొదటి సంక్రాంతికి ఏడుస్తావు, ఏడువు.

ఇంకో మాట, కాస్త జాగ్రత్తగా చదువు. మన దేశానికీ ఆ దేశానికీ మధ్య రాజకీయాలు వేడెక్కుతుంటాయి, చల్లారుతుంటాయి. 2024 జనవరిలో ఫేస్‌బుక్కులు, ట్విట్టర్లు ఎంత అరిచాయో చూశావు. 1988లో కుట్ర జరిగినప్పుడు మన సైన్యం వెళ్ళింది, 2014లో రాజధాని మాలేకి తాగునీళ్ళు లేకపోతే మనం పంపాం. అదంతా నిజమే, కానీ స్టాఫ్ రూములో గుర్తుచెయ్యడం నీ పని కాదు. నువ్వు వాళ్ళ పిల్లలకు టీచరువి, మన విదేశాంగ శాఖవి కాదు. ఏమీ రాయకు, ఎవరి పోస్టునూ లైక్ చెయ్యకు.

డబ్బు దగ్గర మీ నాన్న లెక్క తప్పు, నువ్వే చెప్పు. జీతం రుఫియాలో వస్తుంది. డాలరుకు అధికారిక ధర 15.42 రుఫియాలు, కానీ ఆ ధరకు డాలర్లు దొరకడమే కష్టం. బ్యాంకు నెలకు ఇంతే పంపనిస్తామని పరిమితి పెడుతుంది, ఆ పరిమితి మారుతుంటుంది. జీతమంతా ప్రతి నెలా ఇంటికి వస్తుందనుకుని ఇక్కడ ఫ్లాటు లోను తీసుకోవద్దు. వెళ్ళిన మొదటి ఏడాది నీ పేరు మీద ఏ కొత్త అప్పూ వద్దు, మీ అన్నయ్య కారుకు ష్యూరిటీ కూడా వద్దు. వాడికి కోపమొస్తే నా పేరు చెప్పు.

ఇక కాంట్రాక్టు. ఏజెంటు "ముందు సంతకం పెట్టండి మేడం, మిగతావి అక్కడ చూసుకుంటారు" అన్నాడట. కుదరదని చెప్పు. గది వాళ్ళిస్తారా, అద్దె ఇస్తారా, కరెంటు, నీళ్ళ బిల్లు ఎవరిది, ఏడాదికి రానూపోనూ టికెట్టు ఉందా, సెలవుల్లో జీతం ఉందా, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, వైద్య బీమా ఎవరు తీసుకుంటారు, ఏ దీవి, ఈ ప్రతి ఒక్కటీ కాగితం మీద ఉండాలి. డిగ్రీ పత్రాల ధ్రువీకరణ ఇక్కడే పూర్తి చేసుకో. పాస్‌పోర్టు అక్కడ ఎవరడిగినా పని అయ్యాక తిరిగి తీసుకో, నీ దగ్గరే ఉంచుకో. ఆ కాంట్రాక్టు కాపీ ఈ ఆదివారం లోపు నాకు పంపు. నేను, మీ నాన్న కూర్చుని వరస వరసా చదువుతాం. అప్పటిదాకా సంతకం పెట్టకు.

ఇట్లు,
మీ అత్త