సోమరి తట్టు, చిన్న రౌతు

ఇడుపులపాయ వంటి కొండదరి పల్లెలో బిడ్డను తట్టుగుఱ్ఱముపై ఎక్కించితిమి. అది నాలుగడుగులు వేసి నిలిచినది. "సోమరిది, కొట్టు" అందుము. బిలామును తన గాడిదను మూడుమారులు కొట్టెను, త్రోవకడ్డముగా నిలిచిన దూత గాడిదకు కనబడెను గాని అతనికి కనబడలేదు (సంఖ్యా. 22).

కాబట్టి మొదట కారణము వెదకుడి. గిట్టలో రాయి యున్నదా? జీను క్రింద పుండున్నదా? నీళ్లు త్రాగెనా? కడప ఎండలో మధ్యాహ్నము నడుపరాదు. బిడ్డయు జీనుయు కలిసి గుఱ్ఱపు బరువులో అయిదవ వంతు మించరాదు.

పిమ్మట బిడ్డ తలకు హెల్మెట్టు పెట్టి, పెద్దవారు పగ్గము పట్టి ప్రక్కన నడువవలెను. బిడ్డ నిటారుగా కూర్చుండి, ముందుకు చూచి, మడమలతో ఒక్కసారి మెల్లగా నొక్కవలెను. గుఱ్ఱము కదలగానే నొక్కుట మానవలెను. అదే దానికి బహుమానము. ఊరక తన్నుచుండిన అది లెక్కచేయదు. మడమతో నడువుమని, కళ్లెముతో ఆగుమని ఒకేమారు చెప్పిన ఏ మాట వినును? మొదట పది నిమిషములు చాలును.

కొట్టకముందు "ఎందుకు నిలిచెను?" అని అడుగ నేర్చిన బిడ్డ, రేపు తన చేతిక్రింది మనుష్యులయెడలను అట్లే నడుచుకొనును.

ఆలోచించుడి: మన యింట నిలిచిపోయిన బిడ్డను మనమట్లు అడిగితిమా?