పని అప్పగించడం - ఒక కూడికల పాఠం

ఈ సంచికకు శాస్త్ర విషయం ఏదైనా రాసివ్వమని మన సంఘ కార్యదర్శి అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆ ఒక్క మాట అడగడానికి ఆయన స్వయంగా హాస్టల్ గదులన్నీ తిరిగాడు. పోయిన వార్షికోత్సవం నాడు మైకు వైరు చుట్ట కూడా తనే భుజాన వేసుకుని మోశాడు. తీరా ఆహ్వాన పత్రికలో తేదీ తప్పు పడితే చూసుకునే తీరిక లేకపోయింది. ఆయన్ని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. నేనూ ఆ తానులో ముక్కనే. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ఫ్రాన్సులో విప్లవం వచ్చాక, 1790ల్లో, గాస్పార్ ద ప్రోనీ అనే ఇంజనీరుకి ఒక పెద్ద పని పడింది. కొత్త దశాంశ పద్ధతికి సరిపోయేలా లాగరిథమ్ పట్టికలు, త్రికోణమితి పట్టికలు కొత్తగా తయారుచెయ్యాలి. ఒక్క లాగరిథమ్‌లే 1 నుంచి 2,00,000 దాకా ఉన్న అంకెలకు కట్టాలి. మనం పరీక్షహాల్లో లాగ్ టేబుల్ తిప్పుతూ విసుక్కుంటాం గాని, అది కట్టినవాడి అవస్థ ఎప్పుడన్నా తలుచుకున్నామా? ఒక మనిషి జీవితం మొత్తం కూర్చున్నా తెమిలే పని కాదది.

అప్పుడాయనకు ఆడమ్ స్మిత్ 1776లో అచ్చువేసిన పుస్తకం కంటబడింది. అందులో గుండుసూదుల కార్ఖానా సంగతి ఉంది. ఒక్కడే మొదట్నుంచి చివరిదాకా చేస్తే రోజుకు ఇరవై సూదులు కూడా కావట. పదిమంది తలా కొంచెం పని పంచుకుంటే 48,000 అయ్యాయట. సూదుల్లాగే లాగరిథమ్‌లు ఎందుకు చెయ్యకూడదు అనుకున్నాడు ప్రోనీ.

మనుషుల్ని మూడు జట్లు చేశాడు. మొదటి జట్టులో అయిదారుగురు గొప్ప గణితవేత్తలు. వాళ్ళు అంకెలు ముట్టుకోరు, సూత్రాలు మాత్రం తేలుస్తారు. రెండో జట్టులో ఏడెనిమిది మంది. వాళ్ళు ఆ సూత్రాల్లో అంకెలు వేసి, కాగితం మీద మొదటి వరస నింపి కిందికి పంపుతారు. మూడో జట్టులో అరవై నుంచి ఎనభై మంది. వీళ్ళలో చాలామందికి కూడిక, తీసివేత తప్ప మరేమీ రాదు. విప్లవంలో దొరల తలకట్లు పోయి పని పోగొట్టుకున్న క్షురకులు కూడా ఇందులో ఉన్నారని చెప్తారు.

కూడిక మాత్రమే వచ్చినవాడు లాగరిథమ్ ఎలా కడతాడు? ఇక్కడే ఉంది పాఠమంతా. చిన్న ఉదాహరణ చూద్దాం. వర్గాలు తీసుకోండి: 1, 4, 9, 16, 25. పక్కపక్క అంకెల మధ్య తేడాలు 3, 5, 7, 9. ఆ తేడాల మధ్య తేడా ఎప్పుడూ 2. ఇప్పుడు గుణకారం అంటే తెలియని మా ఊరి కుర్రాడికి 1, 3, 2 అనే మూడంకెలు ఇస్తాను. 1కి 3 కలిపితే 4. 3కి 2 కలిపితే 5. 4కి 5 కలిపితే 9. 5కి 2 కలిపితే 7. 9కి 7 కలిపితే 16. ఇలా పోతూ ఉంటే పదో వరసలో 100 రావాలి. మధ్యలో ఎక్కడో ఒకచోట తప్పితే 100 రాదు. వాడి పక్కన కూర్చుని ప్రతి కూడికా చూడక్కర్లేదు, చివర 100 వచ్చిందా లేదా చూస్తే చాలు. లాగరిథమ్‌లకు తేడాల తేడాలు ఇంకా లోతుకు పోతాయి గాని, కీలకం ఇదే. ప్రోనీ ప్రతి లెక్కనూ రెండు చోట్ల విడివిడిగా చేయించి సరిపోల్చాడు కూడా.

ఆ రాతప్రతి పదిహేడు పెద్ద సంపుటాలైంది. తమాషా ఏమంటే, దీన్ని గురించి 1832లో రాసిన చార్లెస్ బాబేజీ, మూడో జట్టులో కూడిక తీసివేతలు తప్ప ఇంకేమీ రానివాళ్ళే, ఎక్కువ చదివినవాళ్ళకంటే తక్కువ తప్పులు చేశారన్నాడు. కూడికలు మనిషే చెయ్యాలా, మరచక్రాలు చెయ్యలేవా అని ఆయన యంత్రం వైపు వెళ్ళాడు. అది వేరే కథ.

ఇక నా సంగతి. మాది సాగర్ కుడి కాలువ కింద మిర్చి చేను. నేను రెండో సంవత్సరంలో ఉండగా నాన్నకు కడుపు ఆపరేషనైంది. మూడు నెలలు పార పట్టొద్దన్నారు డాక్టరు. మా నీళ్ళ వంతు శుక్రవారం రాత్రి. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళేవాణ్ణి, తెల్లవార్లూ మడవలు మార్చేవాణ్ణి, శనివారం ప్రాక్టికల్స్ ఎగ్గొట్టేవాణ్ణి. హాజరు తగ్గితే పరీక్షకు పంపనని లెక్చరరు గారు కచ్చితంగా చెప్పేశారు. అప్పుడు మా బాబాయి కొడుక్కి, వాడు నాకంటే నాలుగేళ్ళు చిన్న, "ఒరే, ఈ వారం నీళ్ళు నువ్వు చూసుకో" అని చెప్పి ఊరుకున్నాను. వాడు చూసుకున్నాడు. పల్లపు మడి నిండినా మడవ కట్టకుండా గట్టుమీద నిద్రపోయాడు. మిర్చికి నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. పావెకరం వాడిపోయింది.

నేను వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. నాన్న మంచం మీంచి ఒకటే అడిగాడు: "మడి నిండిందని ఎట్టా తెలుసుకోవాలో వాడికి చెప్పావంట్రా?"

చెప్పలేదు. నాకు చీకట్లో కూడా కాలికి తగిలే నీటిని బట్టి తెలుస్తుంది, వాడికీ తెలుసనుకున్నాను. నా సూత్రం నా దగ్గరే పెట్టుకుని వాడికి పని మాత్రం పారేశానన్నమాట.

ఆ ఆదివారం పగటిపూట ఇద్దరం చేనంతా నడిచాం. ప్రతి మడికీ చివరి సాలు దగ్గర ఒక కందిపుల్ల గుచ్చాం. నీళ్ళు పుల్లను తాకితే మడవ మార్చాలి. అంతే. నా 100 ఆ పుల్ల. తర్వాతి వారం నేను వెళ్ళలేదు. ప్రాక్టికల్ రికార్డు ముందేసుకుని కూడా మనసంతా చేలోనే ఉంది. పొద్దున్నే ఫోను చేస్తే, "పుల్లలన్నీ తడిశాయన్నయ్యా" అన్నాడు. మూడో వారానికి వాడే వరస మార్చాడు. తెల్లవారుజామున కాలువ సన్నబడుతుంది కాబట్టి దూరపు మడి ముందు తడపాలని. నాకెన్నడూ తట్టలేదు ఆ మాట. ప్రోనీ మూడో జట్టుకి వరస మార్చే వీలు లేదు. మావాడికి ఉంది. మనిషికీ మరచక్రానికీ తేడా అక్కడే అనిపించింది నాకు.

ఒక సంగతి మాత్రం దాచకుండా చెప్పాలి. నాకు శనివారాలు మిగిలాయని సంబరపడుతుంటే తర్వాత తెలిసింది, ఆ రాత్రులన్నీ అమ్మ మేలుకుని, నడిజామున వాడికి టీ కాచి చేనికి తీసుకెళ్ళేదని. ఆ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు, వంతుల లెక్కలో ఎక్కడా లేదు. పట్టికల కథ చెప్పేవాళ్ళు లెజాండ్ర్ పేరు చెప్తారు, కూడికలు కట్టిన అరవై ఎనభై మంది పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో ఉండవు. మనకు మిగిలిన టైము ఎవరి నిద్రలోంచి వచ్చిందో చూసుకోకుండా పని పంచడం గొప్ప అనుకోవడం నాకిప్పుడు ఇబ్బందిగా ఉంది. ఫ్లాస్కు కొనిచ్చాను, వాడు సాయంత్రమే టీ పోయించుకుని పోతున్నాడు.

ఈ సంక్రాంతికి వెళ్తే చేలో పుల్లలు లేవు. ఏవిరా అంటే, అవసరం లేదని పీకేశానన్నాడు. పల్లపు మడిలో మాత్రం ఒకటి ఉంచాడు. జూన్‌లో వాడు ఐ.టి.ఐ.లో చేరతాడట, నాన్న తిరిగి మడవ దగ్గరికి వస్తాడు గదా, చీకట్లో ఆయన కళ్ళకు ఆనడం లేదని.